ఇసుక తిన్నెల ఫోటోలోంచి గాలిమరలు తీసేస్తే తప్పేంటి? మీరే చెప్పండి

ఎర్రచలక – శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఆగస్టు 19న ఫోటోగ్రఫీ దినోత్సవానికి పాలమూరులో మన గ్రూపు పెడుతున్న ప్రదర్శనకు నేనొక ఎడారి ఫోటో పంపాను. ఎంపిక కమిటీ పక్కన పెట్టింది. ఎందుకని అడిగితే "ఎడిటింగ్ ఎక్కువైంది" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు. సరే, నలుగురిలో తేల్చుకుందామని ఇక్కడ పెడుతున్నా.

మొన్న జనవరిలో మేం కొందరం జైసల్మేర్ పోయాం. సమ్ తిన్నెలు ఊరికి 40 కిలోమీటర్లు. అక్కడ కెమెరా తీయడమే దండగ. ఒంటెల బేరాలు, జీపుల పరుగులు, టెంట్లలో రాత్రంతా డీజే. అందుకే ఖూరీ వైపు పోయి, ఆ ఊరు కూడా దాటి, జీపు పోయినంత దూరం పోయి, అక్కడి నుంచి నడిచాం. చలికాలం అక్కడ పొద్దు పొడిచేసరికి ఏడు దాటుతుంది. మనకంటే ఏడు డిగ్రీలు పడమర, పైగా ఉత్తరం. వేళ్లు కొంకర్లు పోతుంటే చీకట్లోనే ట్రైపాడ్ పెట్టుకుని కూర్చున్నా. వెలుతురు రాగానే తిన్నె నడినెత్తిన గీత గీసినట్టు రెండైంది, ఒక పక్క పసుపు, ఒక పక్క నీలం. గాలి గీసిన అలల్లో ప్రతి అలకూ దాని నీడ దానికుంది. ఆ వెలుతురు పావుగంట కూడా నిలవదు.

నేను తీసేసినవి ఇవి: దూరాన రెండు గాలిమరలు, ఒక హైటెన్షన్ లైను, కింద మూలన జీపు టైర్ల గుర్తులు. ఆకాశం మార్చలేదు. చంద్రుణ్ణి అతికించలేదు. రంగు కెమెరా ఇచ్చిందే. మెరిసే ఇసుకను చూసి కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ మోసపోయి ఫోటోను నల్లగా చేస్తుంది కాబట్టి ఒక స్టాప్ పెంచి, అంటే వెలుతురు రెట్టింపు చేసి తీశా, అదొక్కటే.

ఇందులో తప్పేముందో చెప్పండి.

డిండి – 9:52

ఫోటో అదిరింది తమ్మీ. వాల్‌పేపర్ పెట్టుకున్నా.

నల్లగొండ స్టూడియో – 10:15

పక్కన పెట్టింది నేనే, దాపరికం ఏమీ లేదు. ఒక్క ముక్క చాలలేదంటున్నావు కాబట్టి మొత్తం చెప్తా.

ప్రదర్శనకు నియమాలు మనమంతా కూర్చుని రాసుకున్నాం. ప్రకృతి దృశ్యాల విభాగంలో ఉన్నది తీసేయొద్దు, లేనిది చేర్చొద్దు. క్రాప్ చేసుకోవచ్చు, వెలుతురు సరిచేసుకోవచ్చు. నేను కనిపెట్టిన రూలు కాదిది. పీఎస్ఏ (అమెరికా ఫోటోగ్రఫీ సంఘం), ఫియాప్ (అంతర్జాతీయ ఫోటోగ్రఫీ సమాఖ్య) పోటీల్లో నేచర్ విభాగానికి ఉన్న రూలే. 2010లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో ఒకాయనకు బహుమతి ప్రకటించి మళ్లీ వెనక్కి తీసుకున్నారు. ఆయన చెరిపిందేంటో తెలుసా? ఫ్రేములో వెనకాల కనపడుతున్న ఒక పాదం ముక్క. అంతే.

ఎడారి ఫోటోనే కావాలంటే అదీ ఉంది. 1982 ఫిబ్రవరి నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం. గీజా పిరమిడ్లు, ముందు ఒంటెలు. అడ్డంగా తీసిన ఫోటో నిలువు కవర్లో పట్టడానికి రెండు పిరమిడ్లను కంప్యూటర్లో దగ్గరికి జరిపారు. నలభై ఏళ్లు దాటినా ఆ పత్రిక ఇంకా మాట పడుతూనే ఉంది. వాళ్లకే తప్పనిది మనకు తప్పుతుందా తమ్మీ?

ఎర్రచలక – 10:41

అన్నా, మీరు చెప్పినవన్నీ వార్తలూ పత్రికలూ. నేను వార్త రాయలేదు. "ఇది ఫలానా రోజు ఫలానా చోటి పరిస్థితి" అని కింద రాసుకోలేదు.

మీరే ప్రదర్శనకు మూడు బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు తీసుకున్నారు. లోకం అలా ఉందా? కృష్ణ బ్యాక్‌వాటర్ ఫోటో ఒకటి తీసుకున్నారు, షట్టర్ అర నిమిషం తెరిచిపెట్టి తీసింది. నీళ్ల మీద ఒక్క అల లేదు. అల లేని కృష్ణను మీరెప్పుడైనా చూశారా? అక్కడ తీసేయలేదా అలల్ని?

ఇంకొకటి. నేను ఎడమకు పది అడుగులు జరిగి తీస్తే ఆ గాలిమరలు ఫ్రేములోకే రావు. అప్పుడు మీకు పేచీ లేదు. కాళ్లతో తీసేస్తే కళ, మౌస్‌తో తీసేస్తే మోసం. ఇదేం లెక్క?

నల్లగొండ స్టూడియో – 10:44

మరి జరగాల్సింది.

ఎర్రచలక – 10:45

జరిగితే తిన్నె వంపు పోతుంది.

నల్లగొండ స్టూడియో – 10:47

పోనీయ్. దొరికిందే దొరికినట్టు.

సోమశిల – 11:20

గాలిమరల సంగతి మీరూ మీరూ చూసుకోండి. నాకు టైర్ల గుర్తుల మీదే మాట ఉంది. వాటిని కంప్యూటర్లో చెరపాల్సిన పనే లేదు, గాలే చెరుపుతుంది. థార్‌లో గట్టి గాలి ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా ఉంటుంది. ఆ రోజుల్లో పోతే రాత్రి ఉన్న గుర్తు తెల్లారేసరికి ఉండదు, అలలు కూడా కొత్తగా, పదునుగా పడతాయి. చలికాలం గాలి తక్కువ, టూరిస్టులు ఎక్కువ. అందుకే గుర్తులు అలాగే పడి ఉంటాయి. మీరు పోయిన కాలమే తప్పు.

ఎర్రచలక – 11:26

మే నెలలో అక్కడ 45 డిగ్రీలు దాటుతుంది. మీరు పోయి రండి సోమశిల గారూ, లెన్సులు నేనిస్తా.

సోమశిల – 11:38

వెటకారం వద్దు. నేను చెప్పేది టైర్ల గుర్తుల గురించి. అన్ని ఎడారులూ ఇసుక కావు. అమెరికాలో మొజావె ఎడారిలో 1942లో సైన్యం శిక్షణ కోసం ట్యాంకులు నడిపింది. ఆ జాడలు ఇప్పటికీ కనపడతాయి. నేల పైపొర ఒకసారి చితికితే మళ్లీ కట్టుకోవడానికి తరాలు పడుతుంది. అలాంటి చోట గుర్తులు చెరిపి ఫోటో పెడితే, చూసినవాడు "ఇక్కడ జీపు తోలినా ఏమీ కాదు" అనుకుని తోలుతాడు.

డిండి – 11:41

థార్‌లో ట్యాంకులు కూడా ఉంటాయి అన్నా, 1971 యుద్ధం జరిగిన లోంగేవాలా పోయి చూడండి 😄

పిట్టలదొర – ఆదివారం ఉదయం 6:30

పొద్దున్నే లేచి చదివా. టైర్లు, పిరమిడ్లు అన్నీ వచ్చాయి గానీ అసలు తీగల మాట ఎవరూ ఎత్తలేదు.

తమ్మీ, నువ్వు చెరిపిన ఆ హైటెన్షన్ లైను ఉన్న ప్రాంతం బట్టమేక పిట్టకు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్‌కు) మిగిలిన ఆఖరి నెలవు. దేశం మొత్తం మీద 150 కూడా మిగల్లేదని అంటున్నారు, ఉన్నవాటిలో ఎక్కువ జైసల్మేర్ చుట్టుపక్కలే. పెద్ద పిట్ట, బరువైన పిట్ట. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా ఉన్నది సరిగా కనపడదు. తీగ దగ్గరికి వచ్చేదాకా తెలియదు, తెలిశాక ఆ ఒంటితో చటుక్కున తిరగలేదు. గాలిమరలకూ సోలార్‌కూ వేసిన లైన్లకు తగిలి చస్తున్నాయని కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2021లో తీగలు భూమిలో వేయమన్నారు. 2024లో ఆ ఆదేశాన్ని సడలించి కమిటీ వేశారు.

ఇది ఎక్కడో రాజస్థాన్ గొడవ అనుకోవద్దు. మనకు కృష్ణ అవతల, ఒకప్పటి కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లా రోళ్లపాడులో దీనికోసమే అభయారణ్యం పెట్టారు. నేను చదువుకునే రోజుల్లో అక్కడ గడ్డిలోంచి అది మెడ ఎత్తి నడుస్తుంటే చూశా. ఇప్పుడు ఆ గడ్డి ఉంది, పిట్ట లేదు. ఆ తీగ చూడ్డానికి బాగోదని నువ్వు తీసేశావు. నాకైతే ఫోటోలో చూడాల్సిందే ఆ తీగ.

ఎర్రచలక – 7:15

దొరా, మీ బాధ నిజం. దానికి నా ఫోటో ఏం చేసింది? ఆ తీగ ఉన్నట్టు చూపించే ఫోటోలు వేలు ఉన్నాయి. నేను తిన్నె తీశా. మీరు బట్టమేకను తీసినప్పుడు దాని వెనకాల గడ్డిపోచ అడ్డమొస్తే కంప్యూటర్లో క్లోన్ చేసి చెరపరా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

పిట్టలదొర – 7:18

చెరపను.

కల్వకుర్తి – 8:05

ఎడారి కోసం అంత దూరం ఎందుకు పోయారసలు? అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ దగ్గర హగరి ఒడ్డున ఇసుక దిబ్బలు మేటలు మేటలుగా ఉన్నాయి. పొలాలనే కప్పేస్తున్నాయి. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరొచ్చు. రైలు ఖర్చు కూడా మిగిలేది.

నల్లగొండ స్టూడియో – 8:30

కల్వకుర్తి మాటలో అర్థం ఉంది, అయితే చర్చ దారి తప్పొద్దు. ఎర్రచలకా, నేను అడిగేది సూటిగా ఒక్కటే. ఒరిజినల్ రా ఫైలు, అంటే కెమెరా రాసింది రాసినట్టు ఉన్న ఫైలు, కమిటీకి పంపగలవా? మిగతా అందరూ పంపారు. నువ్వు జేపెగ్ ఒక్కటే పంపావు. ఏం తీశావో నువ్వు చెప్పిందే మాకు ఆధారం.

ఎర్రచలక – 8:47

ఇప్పుడు నా మాట మీద నమ్మకం లేదన్నమాట.

సరే, నేనూ సూటిగానే అడుగుతా. మీరు ముప్పై ఏళ్లుగా పెళ్లి ఫోటోలు తీస్తున్నారు. చామనఛాయ పిల్లను తెల్లగా చేసి ఆల్బమ్ వేస్తారు. నెక్లెస్ రోడ్డు కూడా చూడని జంటను స్విట్జర్లాండ్ మంచుకొండల ముందు నిలబెడతారు. పెళ్లికి రాలేని దుబాయ్ బాబాయిని తెచ్చి గ్రూప్ ఫోటోలో అతికిస్తారు. మీ షాపు అద్దంలో పెట్టిన లామినేషన్ ఫోటోల్లో ఒక్కటైనా "ఉన్నది ఉన్నట్టు" ఉందా? నా రెండు గాలిమరల దగ్గరికి వచ్చేసరికి మీకు 1982 నేషనల్ జియోగ్రాఫిక్ గుర్తొచ్చింది.

డిండి – 8:49

🍿

నల్లగొండ స్టూడియో – 9:20

అది నా పొట్టకూడు. ఆ పని చేస్తున్నానని నేనెప్పుడూ దాచలేదు. బాబాయిని అతికించమని ఇంటివాళ్లే అడుగుతారు, డబ్బులిస్తారు, ఆయన దుబాయ్‌లో ఉన్నాడని ఆ ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. ఎవరూ మోసపోలేదు. తెల్లగా చేయమనడం నాకూ నచ్చదు, చేయకపోతే ఆల్బమ్ తీసుకోరు. ఆ సంగతి వేరే పెట్టు, కావాలంటే దాని మీద ఇంకో చర్చ మొదలుపెట్టు, వచ్చి తిట్లు తింటా.

రా ఫైలు మాట మాత్రం దాటేశావు.

అచ్చంపేట బుల్లెట్ – 10:02

రాత్రి నుంచి చదువుతూ నోరు మూసుకున్నా, ఇంక నా వల్ల కాదు. ఆ ట్రిప్పులో నేనూ ఉన్నా. జీపు మాట్లాడింది, తోలింది నేనే.

మొదటిది, ఆ టైర్ల గుర్తులు ఎవరివో కావు, మన జీపువే. సోమశిల గారూ, మీ గాలి వచ్చి చెరిపేంత టైం వాటికి లేదు, అప్పుడే పడ్డవి.

రెండోది. తమ్ముడు మూడు తీసేశా అని లెక్క చెప్పాడు. నాలుగోది ఉంది. ఆ తిన్నె మీద గొర్రెలు కాసుకునే పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఎర్ర తలపాగా, భుజాన బొంత. మన జీపు ఇసుకలో దిగబడితే చీకట్లో వచ్చి టైర్లలో గాలి తగ్గించమని చెప్పి, పొదలు నరికి చక్రాల కింద వేసి బయటికి తీయించింది ఆయనే. ఆ తిన్నె దగ్గరికి దారి చూపించిందీ ఆయనే. ఫోటో పంపమని నా ఫోన్‌లో నంబర్ కూడా వేయించుకున్నాడు. ఆయన్ని కూడా తీసేశాడు.

వనపర్తి టీచర్ – 10:06

ఏంటీ?

నల్లగొండ స్టూడియో – 10:07

మనిషిని తీసేశావా?

సోమశిల – 10:15

మన జీపువే అయితే అసలు అక్కడిదాకా జీపు ఎందుకు తోలారు? నేను మొదటి నుంచీ అదే అంటున్నా.

ఎర్రచలక – 10:58

అవును, తీసేశా. ఫ్రేములో గోరంత కూడా లేడు ఆయన. కానీ ఆ ఎర్ర తలపాగా ఒక్కటి చాలు, చూపంతా అటే పోతుంది. తిన్నె ఫోటో కాస్తా తలపాగా ఫోటో అవుతుంది. రాజస్థాన్ అంటే ఎర్ర తలపాగా, ఒంటె, మీసం. అవే వద్దనుకుని అంత దూరం పోయింది నేను.

ఆయన మంచివాడు, మేలు చేశాడు, టీ కూడా ఇచ్చాడు. మేమూ ఊరికే రాలేదు, చేతిలో పెట్టే వచ్చాం. దానికీ ఫోటోకూ సంబంధం లేదు.

1936లో అమెరికాలో కరువొచ్చినప్పుడు ప్రభుత్వం తరఫున ఫోటోలు తీయడానికి పోయిన ఆర్థర్ రోథ్‌స్టీన్ నెర్రెలిచ్చిన నేల మీద ఒక ఎద్దు పుర్రెను అటూ ఇటూ జరిపి తీశాడు. పత్రికలు నానా గోల చేశాయి. కానీ కరువు అబద్ధమా? పుర్రె జరిగితే కరువు పోయిందా? అలాగే గాలిమర పోయినా, మనిషి పోయినా ఆ తిన్నె నిజం, ఆ పొద్దు నిజం.

నల్లగొండ స్టూడియో – 12:10

ఆ పుర్రె కథ నువ్వు నాకు చెప్పాల్సిన పనిలేదు. మా ఇంట్లోనే జరిగింది.

మాది మర్రిగూడ వైపు పల్లె. ఫ్లోరైడ్ నీళ్ల సంగతి మీకందరికీ తెలిసిందే. నేను పదో తరగతి చదివేటప్పుడు కరువొచ్చింది. పట్నం నుంచి ఒక పేపర్ ఫోటోగ్రాఫర్ వచ్చాడు. చెరువు ఎండింది, నిజమే. కానీ తూము దగ్గర ఒక మడుగు మిగిలింది. బర్రెలు అందులోనే పడుకునేవి. దాని పక్కన మా చిన్నాయన బెండ, గోంగూర పెట్టాడు. ఆ ఫోటోగ్రాఫర్ ఏం చేశాడంటే, తూముకు వీపు పెట్టి నిలబడ్డాడు. మా తాతను నెర్రెల మీద కూర్చోబెట్టి, నెత్తిన చెయ్యి పెట్టుకుని ఆకాశం చూడమన్నాడు. తాత జన్మలో అలా కూర్చున్నవాడు కాదు. అయినా పెద్దమనిషి అడిగాడు గదా అని కూర్చున్నాడు.

నువ్వన్నావే, పది అడుగులు జరిగితే ఏం తేడా అని. ఆయన జరిగిందీ అంతే. మౌస్ లేదు, కంప్యూటర్ లేదు.

పేపర్లో పడ్డప్పుడు ఊరంతా సంబరపడ్డాం. తర్వాత మా అక్కకు దాదాపు ఖాయమైన సంబంధం తప్పిపోయింది. ఆ పేపర్ ముక్క పట్టుకొచ్చి మరీ చెప్పారు మగపెళ్లివారు, "మీ ఊర్లో తాగడానికే నీళ్లు లేవు, రేపు చుట్టరికం కలుపుకుని మేమేం తాగాలె" అని. మా అమ్మ వాళ్లను తూము దగ్గరికి తీసుకపోయి మడుగు చూపించింది. ఫోటోలో లేదు గదా, నమ్మలేదు.

నేను కెమెరా పట్టింది ఆ తర్వాతే. అందుకే నాకు రూలు అంటే రూలే. నువ్వు తీసేసిన పెద్దాయనకు కూడా ఒక ఊరుంది, గొర్రెలున్నాయి. ఆ లైను పోతున్నది ఎవరి మేత భూమిలోనో. అక్కడ ఓరాన్లు అని దేవుడి పేరు మీద వదిలిన మేత అడవులుంటాయి, వాటిలోకి సోలార్, తీగలు వస్తున్నాయని ఊళ్లోవాళ్లు పోరాడుతున్నారు. నువ్వు లైనూ తీసేశావు, మనిషినీ తీసేశావు. చూసినవాడు "అక్కడెవరూ లేరు, ఖాళీ జాగా" అనుకుంటాడు. ఖాళీ జాగా అంటే కంపెనీవాడికి ఇంకేం కావాలె?

డిండి – 12:14

అన్నా 🙏

ఎర్రచలక – 1:35

మీ అక్క సంగతి విని బాధగానే ఉంది. కానీ ఆ ఫోటోగ్రాఫర్ మీద మీకున్న కోపం నా మీద తీరుస్తున్నారు.

మీరు మీ ఇంటి సంగతి చెప్పారు, నాదీ వినండి. మాది కోస్గి దగ్గర పల్లె. అమ్మానాన్న బొంబాయి పోయి బిల్డింగుల కాడ పనిచేస్తే నేను నాయనమ్మ దగ్గర పెరిగా. జీతం వచ్చాక మొదట కొన్నది కెమెరా. బాలానగర్ వైపు సీతాఫలం తోపులో పొద్దున్నే మంచు దిగినప్పుడు తీసిన ఫోటో ఒక పోటీకి పంపా. నా పాణం పెట్టి తీసిన ఫోటో అది. జ్యూరీలో ఒకాయన ఏమన్నాడో తెలుసా? "పాలమూరువాడివి గదా, వలస బస్సు ఫోటోలు లేవా?" అన్నాడు. ఆ ఏడు మన జిల్లా నుంచి బహుమతి దేనికొచ్చిందో మీకూ తెలుసు. ఎండిన చెరువు, నడుం వంగిన ముసలవ్వ.

ఆ బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపింది మా అమ్మ. దాన్ని నేను ఫోటో తీయను. ఎవరికీ చూపించను.

మీ ఊరిని ఖాళీగా చూపించారని మీ బాధ. మా ఊరి గురించి ఎప్పుడు చూసినా ఏడుపే చూపించమంటారని నా బాధ. హైదరాబాద్ నుంచి ఎవరైనా థార్ పోయి ఒట్టి తిన్నె తీసి తెస్తే "ఏం వెలుతురు, ఏం కంపోజిషన్" అంటారు. నేను తెస్తే కాపరి ఎక్కడ, తీగ ఎక్కడ, పిట్ట ఎక్కడ, రా ఫైలు ఎక్కడ. పాలమూరోడు ఉత్త అందం తీయకూడదా? ఎక్కడికి పోయినా సాక్ష్యం మోసుకురావాల్సిందేనా?

కల్వకుర్తి – 1:50

జ్యూరీల సంగతి మాత్రం ముమ్మాటికీ నిజం. నెర్రెలు తీస్తే సర్టిఫికెట్, చేను తీస్తే సున్నా.

పిట్టలదొర – 2:05

తమ్మీ, హైదరాబాద్‌వాడు పెట్టినా తీగ ఎక్కడని నేను అడుగుతా. ఆ మాట మాత్రం నా మీద పెట్టకు.

వనపర్తి టీచర్ – 3:20

మా ఏడో తరగతి పిల్లలకు ఎడారుల పాఠం చెప్పేటప్పుడు ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటోలే చూపిస్తా. అన్నీ ఇలాంటివే, ఒట్టి ఇసుక. "అక్కడ మనుషులు ఉండరా టీచర్?" అని ప్రతి ఏడూ అడుగుతారు. ప్రపంచంలో జనం బాగా ఎక్కువగా ఉన్న ఎడారుల్లో థార్ ఒకటి అంటే నమ్మరు. జైసల్మేర్‌లో ఏడాదికి 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూగానే వాన పడుతుంది. మన దగ్గర దాదాపు దానికి మూడింతలు. ఆ కాస్త వానకే వాళ్లు పల్లంలో కట్ట వేసి నీళ్లు ఆపుతారు, ఖడీన్ అంటారు. నీళ్లు ఇంకాక ఆ తడి మీదే గోధుమ, శనగ వేస్తారు. మనం చెరువు శిఖంలో, నీళ్లు తగ్గాక తేలే నేలలో వేసుకున్నట్టే. ఇది చెప్తే పిల్లలకు కళ్లు మెరుస్తాయి, మన పనే అనిపిస్తుంది వాళ్లకు. చూపిద్దామంటే ఒక్క మంచి ఫోటో దొరకదు. మీరంతా అంత దూరం పోయి తిన్నెలే తీసుకొస్తారు.

ఎర్రచలకా, నీ సీతాఫలం తోపు ఫోటో ఈ ప్రదర్శనకు ఎందుకు పంపలేదు?

ఎర్రచలక – 3:31

ఒకసారి కాదన్నారు గదక్కా. మళ్లీ ఎందుకు.

నల్లగొండ స్టూడియో – 3:34

కాదన్నది మేము కాదు గదా.

సోమశిల – 4:10

శిఖం భూముల్లో కూడా ఇప్పుడు ట్రాక్టర్ టైర్లతో...

డిండి – 4:11

సోమశిల అన్నా, టైర్లు ఆపు 😂

మోడరేటర్ – 6:00

అందరూ కొంచెం ఊపిరి పీల్చుకోండి. షాపుల మీద, పెళ్లి ఆల్బముల మీద మాటలు ఇక వద్దు. కమిటీలో మిగతా ఇద్దరితో మాట్లాడా. ప్రకృతి దృశ్యాల విభాగంలో ఈ ఫోటో ఉండదు, ఆ రూలు ఇప్పుడు మార్చలేం. ఓపెన్ విభాగంలో పెట్టడానికి అభ్యంతరం లేదు. అయితే ఏమేం తీసేశారో కింద లేబుల్లో రాయాలి. అది ఈ ఒక్క ఫోటోకే కాదు, ఆ విభాగంలో ఉన్న అన్నిటికీ. అర నిమిషం షట్టర్ పెట్టిన కృష్ణ ఫోటోకు కూడా.

ఎర్రచలక – 6:22

అందరికీ అయితే ఒప్పుకుంటా. కానీ లేబుల్ నేనే రాస్తా. నా బదులు ఎవరూ రాయొద్దు. "పాలమూరు బిడ్డ కష్టాల నుంచి కెమెరా దాకా" లాంటివి అసలే వద్దు.

నల్లగొండ స్టూడియో – 6:40

రాసుకో. నాలుగూ రాయాలి, మూడు కాదు. తీసేయడం తప్పేనని నేను ఇప్పటికీ అంటాను, ప్రదర్శన రోజు అడిగినవాళ్లకు కూడా అదే చెప్తా. ప్రింటు 12×18, మ్యాట్ పేపర్ మీద. గ్లాసీ వేస్తే ట్యూబ్‌లైటు తిన్నె మీదే మెరుస్తుంది. సోమవారం లోపు ఫైలు పంపు, టీచరమ్మ అడిగిన సీతాఫలం ఫోటో కూడా.

ఇంకో మాట. ఆ పెద్దాయనకు ఫోటో పంపావా లేదా?

ఎర్రచలక – 6:52

నంబర్ అచ్చంపేట అన్న దగ్గర ఉంది. ఇస్తే పంపుతా.

అచ్చంపేట బుల్లెట్ – 6:53

రైల్లో ఉన్నప్పుడే పంపిన గదరా. ట్రిప్పు గ్రూపులో పైకి జరిపి చూడు, డీజిల్ లెక్క కిందనే ఉంటది. ఆ లెక్క కూడా చూడు, నీ వాటా ఇంకా రాలేదు.